తీయుట, వేయుట, చేయుట

హైదరాబాదులోని జూబిలీహిల్సు, ఫిలిమ్‌నగరు ప్రాంతములు తెలుగు చలనచిత్రములకు నెలవులు. ఒకప్పుడు మదరాసులో నున్న ఈ పరిశ్రమ క్రమముగా ఇచటికి తరలివచ్చినది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించిరి. తరువాత ఫిలిమ్‌నగరులో రామానాయుడుగారి స్టూడియో వెలసినది. ఇచటి పనివారు పరభాషా సాంకేతికులతో ఆంగ్లమున మాటలాడవలసి వచ్చుచుండును. క్రియ తప్పినచో పని చెడును.

బాలలారా! మన ‘తీయు’ ధాతువును చూడుడు. చిత్రము తీయుదుము, ఫోటో తీయుదుము, తలుపు తీయుదుము, రాగము తీయుదుము. మనకు ఒక్క క్రియ చాలినది. ఆంగ్లేయునకు చాలదు. ఫోటోకు ‘టేక్’, చిత్రమునకు ‘మేక్’, తలుపునకు ‘ఓపెన్’ అని అతడు వేరువేరు క్రియలను వాడును. దృశ్యమును ఒక పర్యాయము చిత్రించినచో దానిని ‘టేక్’ అందురు గదా యని మీరడుగవచ్చును. అది నామవాచకము. అచట క్రియ ‘షూట్’. ఆ మాటకు తుపాకి పేల్చుట యనియు అర్థము కలదు గాని, కెమెరా ముందు దానికెవరును వెరవరు.

‘వేయు’ మరింత గడుసుది. వేషము వేయుటకు ‘ప్లే’, సెట్టు వేయుటకు ‘బిల్డ్’, ప్రశ్న వేయుటకు ‘ఆస్క్’, లైటు వేయుటకు ‘టర్న్ ఆన్’ తగును. లైటు తీయుమని చెప్పదలచి ‘టేక్’ అన్నచో, పరదేశీయుడు దానిని ఆర్పక, స్తంభముతో సహా మోసికొనిపోవును! అచట వలసినది ‘టర్న్ ఆఫ్’.

‘మేక్’, ‘డూ’ రెండును మనకు చేయుటయే. విద్యార్థులు మిక్కిలి తడబడునది ఇచటనే. పనికి, అభ్యాసమునకు, మేలునకు ‘డూ’. తప్పునకు, ప్రయత్నమునకు, శబ్దమునకు ‘మేక్’. మనము మాట ఇత్తుము; ఆంగ్లేయుడు వాగ్దానమును ‘మేక్’ చేయును. లేనిదానిని కలిగించుటకు ‘మేక్’, ఉన్న కార్యమును నిర్వర్తించుటకు ‘డూ’ అని కొందరు సూత్రము చెప్పుదురు. అది కొంతదూరమే నడచును. ప్రక్కను సర్దుటకును ‘మేక్’ అనుట ఏ సూత్రమునకు లొంగును? నామవాచకమును ఒంటరిగా వల్లెవేయక, దాని క్రియతో జంటగా నేర్చుటయే నా మతమున సులభోపాయము.

2023లో ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రములోని ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ పురస్కారము వచ్చినది. పురస్కారమే నడచి వచ్చినట్లు మన మిట్లందుము. ఈ వార్తను ఆంగ్లమున చెప్పునపుడు ‘కమ్’ అనరాదు. స్వరకర్త కీరవాణిగారును, రచయిత చంద్రబోసుగారును దానిని ‘విన్’ చేసిరి.