క్లీవ్‌లాండ్ ఇల్లా, ఫ్రిస్కో ఇల్లా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. చేతిలో 1.2 లక్షల డాలర్లున్నాయి. అద్దెకివ్వడానికి ఒక ఇల్లు కొందామనుకుంటున్నాం. ఇక్కడే ‘ఏ క్లాస్’ కాలనీలో 5 లక్షల ఇల్లు చూశాం. అద్దె నెలకు 2,600 వస్తుందట. మా స్నేహితుడేమో క్లీవ్‌లాండ్‌లో ‘సీ క్లాస్’ ఇల్లు 90 వేలకే ఉంది, అద్దె 1,200, లోను కూడా అక్కర్లేదంటున్నాడు. ఏది మేలు?

జవాబు: ఏ, బీ, సీ, డీ అనే ఈ తరగతులు ఇవాళ ప్రభుత్వం ఇచ్చేవి కావు. బ్రోకర్లు, ఇన్వెస్టర్లు వాడుకలో పెట్టుకున్నవి. ఒకరు బీ అన్న పేటను ఇంకొకరు సీ అంటారు. కాబట్టి అక్షరాన్ని వదిలేసి లెక్క చూద్దాం.

క్లీవ్‌లాండ్ ఇంటికి ఏడాదికి 14,400 అద్దె, అంటే పెట్టుబడి మీద 16 శాతం. మీ స్నేహితుడు చూసింది ఇంతవరకే. అద్దెకున్నవాళ్ళు మారినప్పుడు రెండు నెలలు ఖాళీగా ఉంటే 2,400 పోయింది. మీరు డాలస్‌లో ఉంటారు కనుక మేనేజర్ తప్పదు, వసూలైన దాంట్లో పదోవంతు, 1,200. పన్నుకు 2,200, ఇన్సూరెన్స్‌కు 1,500, రిపేర్లకు 3,000 అనుకుందాం. ఇవన్నీ పోను మిగిలేది 4,100. అంటే నాలుగున్నర శాతం. పైకప్పు మార్చాల్సి వస్తే రెండు మూడేళ్ళ మిగులు ఒక్కసారే పోతుంది.

అంతకన్నా పెద్ద సంగతి సీసం. 1978కి ముందు కట్టిన ఇళ్ళ రంగుల్లో సీసం ఉండొచ్చు. రాలిన పెచ్చులు, ధూళి నోట్లోకి పోతే పసిపిల్లల మెదడు దెబ్బతింటుంది. అందుకే అలాంటి ఇంటిని అద్దెకివ్వాలంటే క్లీవ్‌లాండ్‌లో లెడ్ సేఫ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఊరి బయట ఉండే యజమాని స్థానికంగా బాధ్యత వహించే మనిషిని చూపించాలని 2024లో మరో చట్టం చేశారు. దూరాన ఉన్నవాళ్ళు కొని పాడుబెట్టిన ఇళ్ళు చూసి చూసి విసిగిన నగరం అది. వారంలో ఒకసారైనా వెళ్ళి చూడగలిగినవాళ్ళకు సీ క్లాస్ మంచి వ్యాపారమే. మీకు కాదు.

ఫ్రిస్కో ఇల్లూ వద్దు. 4 లక్షల లోనుకు 7 శాతం వడ్డీ వేస్తే ముప్పై ఏళ్ళ కిస్తీయే నెలకు 2,660. అద్దె అంతా కిస్తీకే చాలదు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు గానీ ఆస్తిపన్ను గట్టిగా వేస్తారు.

మీరు చూడాల్సింది గార్లండ్, మెస్కీట్ లాంటి పాత శివార్లు. బ్రోకర్లు బీ అనే పేటలు. 3 లక్షల ఇంటికి మీ డబ్బంతా పెట్టినా ఇప్పటి వడ్డీలకు అద్దె, ఖర్చులు ఇంచుమించు సరిపోతాయంతే. పైగా ఆరు నెలల ఖర్చులు చేతిలో ఉండాలి. అవి కూడేదాకా ఆగండి. తొందర పెట్టేవాళ్ళ మాట వినొద్దు.

ప్రశ్న: న్యూజెర్సీలో మాకు ఓ చిన్న ఇల్లుంది. సెక్షన్ 8 వోచర్ ఉన్న కుటుంబం అద్దెకు అడుగుతోంది. ‘అలాంటివాళ్ళకు ఇస్తే ఇల్లు సీ క్లాసైపోతుంది’ అని బంధువులంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ మాట తప్పు, ఆ కారణంతో ఇల్లు ఇవ్వకపోవడం చట్టవిరుద్ధం. వోచరుంటే ఆ కుటుంబం తన ఆదాయంలో సుమారు 30 శాతం కడుతుంది, మిగతా అద్దెను హౌసింగ్ అథారిటీ నేరుగా మీకే పంపిస్తుంది. ముందు ఇల్లు తనిఖీ చేస్తారు. అది మీకూ మంచిదే. వోచర్ ఉందన్న కారణంతో కాదనడం న్యూజెర్సీ చట్టం ప్రకారం వివక్ష. వాళ్ళ పాత ఇంటి యజమానిని అడగండి, అద్దె ఎలా కట్టారో చూడండి, అందరినీ చూసినట్టే.

ఒకప్పుడు ఇలాంటి అక్షరాలు ప్రభుత్వమే వేసింది. 1930లలో హెచ్‌ఓఎల్‌సీ అనే ప్రభుత్వ సంస్థ నగరాల మ్యాపుల మీద పేటలకు ఏ నుంచి డీ దాకా గ్రేడ్లు వేసింది. నల్లవాళ్ళుండే పేటలకు దాదాపు ఎప్పుడూ డీ, ఎర్రరంగు. ఆ పేటల్లో ఇంటి లోను పుట్టడం దశాబ్దాలపాటు గగనమైంది. మనుషుల్ని చూసి పేటకు వెల కట్టే ఆ అలవాటును మనం నేర్చుకోకూడదు.

వాట్సాప్ గ్రూపుల్లో ‘తెలుగువాళ్ళకే అద్దెకు’ అని ప్రకటనలు పెట్టేవాళ్ళకూ ఒక మాట. జాతీయ మూలాన్ని బట్టి అలా ప్రకటించడాన్ని 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఒప్పుకోదు. పెట్టి ఉంటే ఇవాళే తీసేయండి.