సైనికాధికారి శిక్షణకు ముందు వివాహము: భార్యకు గల వైద్య సౌకర్యములు

గాజువాక వాసులకు నౌకాదళము పరాయి సంస్థ కాదు. తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయము మన విశాఖపట్టణములోనే ఉన్నది. సింధియా, మల్కాపురం మీదుగా పోయే ప్రతి బస్సులోనూ తెల్లని దుస్తులు ధరించిన నావికులు కనిపిస్తారు. మన కళాశాల విద్యార్థులలో కొందరికి ఆ దుస్తులపై మక్కువ కలగడము సహజమే. ఎన్.సి.సి.లో చేరి, 'సి' సర్టిఫికెట్టు సంపాదించి, అధికారి హోదాకు ప్రయత్నించేవారు ఏటా కొందరైనా ఉంటున్నారు. అట్టివారి తల్లిదండ్రులు మమ్ములను అడిగే మొదటి ప్రశ్న జీతమును గురించి కాదు. "అబ్బాయి శిక్షణకు వెళ్ళేలోపు నిఖా జరిపించేస్తే ఏమైనా ఇబ్బందా సార్? రుఖ్సతీ తరువాత పెట్టుకుంటాము. పిల్లకు కూడా మిలిటరీ ఆసుపత్రి సౌకర్యము వస్తుందంటున్నారు" అని అడుగుతారు. ఈ ఒక్క ప్రశ్నలో మూడు పొరపాట్లు ఇమిడి ఉన్నవి. వాటిని విడదీసి చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

మొదట నిబంధన ఏమిటో చూతము. పట్టభద్రులు అధికారులుగా చేరుటకు యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 'కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్' పరీక్షను నిర్వహిస్తున్నది. డెహరాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీకి గాని, కేరళలోని ఎళిమల నౌకాదళ అకాడమీకి గాని పోగోరువారు అవివాహితులై ఉండవలెను. చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి ఒకప్పుడు వివాహిత పురుషులు కూడా అర్హులే. నేడు అక్కడ కూడా అవివాహితులనే తీసుకొంటున్నారు. దరఖాస్తు పంపిన తరువాత వివాహమాడినవాడు పరీక్షలోను, ఇంటర్వ్యూలోను నెగ్గినప్పటికీ శిక్షణకు ఎంపిక కాడు. శిక్షణ నడుస్తుండగా వివాహమాడినవానిని పంపివేస్తారు. అంతటితో ఆగక, ప్రభుత్వము అతనిపై చేసిన ఖర్చునంతటినీ అతని వద్దనే వసూలు చేస్తారు. మధ్యతరగతి కుటుంబమునకు అది మోయలేని భారము.

ఇక నిఖా, రుఖ్సతీల సంగతి. మన ఇళ్ళలో నిఖా ముందు జరిపి, పిల్లను ఏడాదికో రెండేళ్ళకో అత్తవారింటికి పంపే ఆనవాయితీ కలదు. పిల్ల ఇంకా పుట్టింటనే ఉన్నది గనుక పెళ్ళి పూర్తి కాలేదని పెద్దలు భావిస్తారు. ఇది కేవలము లోకవ్యవహారము. షరియత్ దృష్టిలో సాక్షుల సమక్షమున ఈజాబ్, ఖబూల్ జరిగిన క్షణముననే వారు భార్యాభర్తలు. రుఖ్సతీ వేడుకయే గాని వివాహములో భాగము కాదు. దేశములోని న్యాయస్థానములు కూడా ఇట్లే చూస్తాయి. కాబట్టి నిఖా అయిన కుర్రవాడు దరఖాస్తులో 'అవివాహితుడు' అని వ్రాస్తే అది అబద్ధపు వాఙ్మూలమే అవుతుంది.

"అట్లయితే నిఖాను రద్దు చేసికొని, తరువాత మరల జరిపించుకొంటే సరిపోదా?" అని ఒక పెద్దమనిషి మమ్ములను అడిగినాడు. ఆ దారి కూడా లేదు. విడాకులు పొందిన పురుషుని గాని, భార్య మరణించిన పురుషుని గాని అవివాహితునిగా పరిగణించరాదని కమిషన్ ప్రకటనలోనే స్పష్టముగా ఉన్నది. తొందరపడి చేసిన నిఖా కాగితము చింపితే పోయేది కాదు. అమ్మాయిల విషయములో నిబంధన కొంత సడలి ఉన్నది. సంతానము లేని వితంతువులు, సంతానము లేక విడాకుల పత్రములు కలిగినవారు, పునర్వివాహము చేసికొనకపోతే చెన్నై అకాడమీకి అర్హులే. మంగ్నీకి మాత్రము ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. మాట అనుకొని, ఉంగరము తొడిగి, తేదీని కమిషన్ వచ్చిన తరువాతకు పెట్టుకొనవచ్చును.

ఇంత కఠినమెందుకని కొందరు నొచ్చుకొంటారు. మా దృష్టిలో అసలు చిక్కు నీతికి సంబంధించినది కాదు, లెక్కకు సంబంధించినది. శిక్షణలో ఉన్న క్యాడెట్ ఇంకా అధికారి కాడు. అకాడమీలో అతనికి నెలకు 56,100 రూపాయలు ఇస్తారు గాని, దానికి స్టైపెండు అని పేరు. శిక్షణా కాలమును సర్వీసుగా లెక్కించరు. అతనికి దెబ్బ తగిలితే సైనిక వైద్యులే చికిత్స చేస్తారు. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఫండ్ క్యాడెట్లను కూడా తన పథకములో చేర్చుకొన్నది. అయినను అధికారికి గల హక్కులు అతనికి రావు. శిక్షణలో వెన్నెముక విరిగి, పక్షవాతము పాలై ఇంటికి చేరిన యువకులు మాజీ సైనికులు అనిపించుకొనలేక, మాజీ సైనికుల వైద్య పథకమునకు నోచుకొనక దశాబ్దముల తరబడి బాధపడినారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ విషయమును తనంత తానే విచారణకు చేపట్టిన పిమ్మట, అదే నెలలో ప్రభుత్వము ఆ పథకమును వారికి వర్తింపజేసినది. కన్న బిడ్డకే ఇంతటి ఆలస్యమైనప్పుడు, రికార్డులో పేరే లేని రహస్యపు భార్యకు ఎవరు జవాబు చెబుతారు? నిఖా దాచిన ఇంట నష్టపడేది ప్రధానముగా ఆ పిల్లయే. భర్తకు ప్రమాదము జరిగితే 'నేను ఇతని భార్యను' అని ఆమె చెప్పుకొనవలె. చెప్పుకొన్నచో అతడు అబద్ధమాడినట్లు తానే నిరూపించినట్లగును.

ఇక కమిషన్ వచ్చిన తరువాత భార్యకు లభించేది ఏమిటి? దీనిని చాలామంది 'ఇన్సూరెన్సు' అంటున్నారు. ఆ మాట సరికాదు. బజారులో కొనే ఆరోగ్య బీమాకు ఏటా ప్రీమియము కట్టవలె, మొత్తమునకు పరిమితి ఉంటుంది. సర్వీసులో ఉన్న అధికారి భార్యకు సైనిక ఆసుపత్రిలో చికిత్స ఒక సర్వీసు హక్కు. గాంధీగ్రామ్‌లోని ఐ.ఎన్.హెచ్.ఎస్. కల్యాణి వంటి ఆసుపత్రిలో ఆమెకు ప్రసవము మొదలు శస్త్రచికిత్స వరకు జరుగుతుంది. ఉక్కునగరములో ఉద్యోగి కుటుంబము కంపెనీ ఆసుపత్రికి పోయినట్లే అనుకొనవచ్చును. నిజమైన ఇన్సూరెన్సు వేరే ఉన్నది. 1976లో మొదలైన గ్రూప్ ఇన్సూరెన్సు ప్రాణమునకు, వైకల్యమునకు సంబంధించినది; జ్వరమునకు మందు ఇచ్చేది కాదు.

పదవీ విరమణ తరువాత 2003 ఏప్రిల్ 1న ప్రారంభమైన ఇ.సి.హెచ్.ఎస్. పథకము వస్తుంది. ఒక్కసారి చందా చెల్లిస్తే భార్యకు, ఆధారపడిన సంతానమునకు, నెలసరి ఆదాయము 9,000 రూపాయలు, దానిపై కరువు భత్యము దాటని తల్లిదండ్రులకు కూడా పాలీక్లినిక్కులలో వైద్యము లభిస్తుంది. చెన్నైలో శిక్షణ పొంది, కొద్ది సంవత్సరములే పనిచేసి, పెన్షను లేకుండా బయటకు వచ్చే షార్ట్ సర్వీస్ అధికారులకు చాలాకాలము ఈ అవకాశము లేదు. 2019లో వారిని కూడా చేర్చినారు. పిల్లనిచ్చేవారు వరుడు పర్మనెంటా, షార్ట్ సర్వీసా అని విచారించుట మంచిదే గాని, ఆ ఒక్క కారణమున వెనుకాడనక్కరలేదు.

వివాహితులకు తలుపులు పూర్తిగా మూసుకొనిపోలేదు. దుండిగల్ వైమానిక దళ అకాడమీకి ఇరువదియైదేండ్లు పైబడిన వివాహితులు దరఖాస్తు చేయవచ్చును. కాని శిక్షణా కాలములో వారికి కుటుంబ నివాసము ఇవ్వరు, బయట భార్యతో కాపురముండుటకు కూడా అనుమతి లేదు. ఎం.బి.బి.యస్. చదివి షార్ట్ సర్వీసులో చేరే డాక్టరుకు వివాహము అడ్డు కాదు. అయితే ఒకరికంటె ఎక్కువ భార్యలు ఉండరాదు. సిపాయిగా చేరి, పెళ్ళాడి, తరువాత డిపార్టుమెంటు మార్గమున కమిషన్ పొందేవాని సంగతి వేరు. అతని భార్య పేరు అప్పటికే రికార్డులో ఉన్నది. 'శిక్షణకు ముందు పెళ్ళి' అనే మాట నిజముగా చెల్లేది ఇట్టివారికే. 2022లో వచ్చిన అగ్నివీరులకు మాత్రము నాలుగేండ్లు బ్రహ్మచర్యమే. వారికి 48 లక్షల జీవిత బీమా ఉన్నది, విరమించిన తరువాత ఇ.సి.హెచ్.ఎస్. లేదు.

మన తెలుగువారు అమెరికాలో చాలామంది ఉన్నారు గనుక అక్కడి పద్ధతిని కూడా ఒక మాట చెప్పుట అప్రస్తుతము కాదు. అక్కడ పౌరసత్వము ఉన్నవారే అధికారులు కాగలరు. వెస్ట్ పాయింట్ క్యాడెట్ పెళ్ళి చేసికొనరాదు. అయితే ఆఫీసర్ క్యాండిడేట్ స్కూలుకు వివాహితులు పోవచ్చును. ఆ శిక్షణ క్రియాశీల సర్వీసుగానే పరిగణింపబడుతుంది. అందుచేత భార్యను 'డీర్స్' అనే జాబితాలో నమోదు చేసిన పిమ్మట 'ట్రైకేర్' వైద్యము ఆమెకు లభిస్తుంది. కళాశాలలో ఉంటూ శిక్షణ పొందే ఆర్.ఓ.టి.సి. క్యాడెట్ భార్యకు ఆ సౌకర్యము లేదు. అక్కడను ఇక్కడను సూత్రమొక్కటే: సర్వీసు మొదలైన దినమునుండియే హక్కు.

వివాహ నిబంధనలన్నీ న్యాయమైనవని మేము అనుటలేదు. సైనిక నర్సింగు సర్వీసులోని ఒక లెఫ్టినెంటును, పెళ్ళి చేసికొన్న కారణముగా 1988లో ఉద్యోగమునుండి తొలగించినారు. అందుకు ఆధారమైన 1977 నాటి ఉత్తర్వును 1995లో ఉపసంహరించినారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ నిబంధన స్త్రీల పట్ల వివక్షయేనని చెప్పి, ఆమెకు 60 లక్షల రూపాయల పరిహారము ఇప్పించినది. శిక్షణ ముగిసేవరకు ఆగమనడము వేరు, పెళ్ళి చేసికొన్నందుకు ఉద్యోగము తీసివేయడము వేరు.

కమిషన్ వచ్చి, నిఖా జరిగిన తరువాత చేయవలసిన పని వెంటనే చేయవలెను. వివాహమును యూనిట్‌కు తెలిపి, పార్ట్ టూ ఆర్డరులో భార్య పేరు ప్రచురింపజేయవలె. అది కానిదే ఆసుపత్రి కార్డుకు ఆధారము లేదు. మన నిఖానామా తరచుగా ఉర్దూలో ఉంటుంది, తేదీ హిజ్రీలో ఉంటుంది. ఇంగ్లీషు తేదీని కూడా ఖాజీ గారి చేత అక్కడనే వ్రాయించుట, వివాహమును రిజిస్టరు చేయించుట ఉభయ పక్షములకు క్షేమము. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి నిర్బంధ వివాహ రిజిస్ట్రేషన్ చట్టము ఎట్లాగూ ఉన్నది. పిల్ల పేరు పదవ తరగతి సర్టిఫికెట్టులో ఒక విధముగా, ఆధార్‌లో 'బేగం' చేర్చి మరొక విధముగా, నిఖానామాలో తండ్రి పిలిచే ముద్దుపేరుతో ఇంకొక విధముగా ఉండుట మేము చూస్తూనే ఉన్నాము. ఆ మూడింటిని మంగ్నీ నాటికే ఒక దారికి తెచ్చుకొనవలెను.