రిపోర్టులన్నీ నార్మల్, మరి కడుపునొప్పి ఎందుకు?

ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ కాలేజీ పిల్లలవి, వాళ్ల గురించి బెంగపెట్టుకున్న పెద్దలవి. అందుకే మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే చోటిచ్చాను.

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటాను. మిడ్స్ డేట్లు రాగానే కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి మొదలవుతుంది. పరీక్ష రోజు పొద్దున్నే మూడు నాలుగుసార్లు బాత్రూంకి పరుగెత్తాలి. పరీక్షలు అయిపోయిన మర్నాటికి అంతా మామూలే. రక్తపరీక్షలు, స్కానింగ్, ఎండోస్కోపీ అన్నీ చేయించాం. "ఏమీ లేదు, టెన్షన్ అంతే" అన్నారు డాక్టరు గారు. అప్పటినుంచి మా నాన్న "పరీక్ష ఎగ్గొట్టడానికి నాటకాలు" అంటున్నారు. నిజంగా నాకేమీ లేదా?
– విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: ఉంది. రిపోర్టు నార్మల్ అంటే పుండు, వాపు, రాయి, గడ్డ లాంటివి కనబడలేదని అర్థం. నొప్పి లేదని ఏ స్కానింగూ చెప్పలేదు. పేగుల గోడల్లో కోట్ల సంఖ్యలో నాడీకణాలు ఉంటాయి. అవి మెదడుతో నిత్యం మాట్లాడుకుంటూనే ఉంటాయి. భయం వేయగానే అడ్రినలిన్, దాని వెనకే కార్టిజాల్ రక్తంలోకి దిగుతాయి. గుండె వేగం అందుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి. పొట్టలో తిన్నది అరగడం మందగిస్తుంది, పెద్దపేగు మాత్రం హడావుడి పడుతుంది. అందుకే తిన్నది అరగదు, బాత్రూంకి మాత్రం పరుగు తప్పదు. రెండూ ఒకేసారి ఎలా అని మీకు అనుమానం వచ్చి ఉంటుంది, కారణం ఇదే.

హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు ప్రకటించాడు. వాటిని చలిలో ఉంచినా, గాయపరిచినా, అలిసిపోయేదాకా పరుగెత్తించినా శరీరంలో వచ్చిన మార్పులు ఒకే తీరుగా ఉన్నాయి: అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. ఎలుకలకు నాటకాలు రావని మీ నాన్నగారికి చెప్పి చూడండి.

మీరు రాసిన లక్షణాలు ఐబీఎస్ అనే పేగుల సమస్యకు దగ్గరగా ఉన్నాయి. దీన్ని ఖాయం చేయాల్సింది మీ డాక్టరే. బరువు తగ్గడం, మలంలో రక్తం, జ్వరం, రక్తహీనత, అర్ధరాత్రి విరేచనం కోసం నిద్రలేవాల్సి రావడం, వీటిలో ఏది ఉన్నా "టెన్షనే" అని సరిపెట్టుకోకుండా మళ్లీ చూపించుకోండి.

ఇక మీ చేతిలో ఉన్నవి. పరగడుపున టీ, కాఫీ వద్దు. మెస్‌లో కూర నచ్చక ఆవకాయతోనే అన్నం లాగించే అలవాటుంటే పరీక్షల వారం దానికి సెలవివ్వండి. పాలు పడేవారైతే పెరుగన్నం మంచిది, ఇడ్లీ ఇంకా మేలు. పరీక్షకు గంటన్నర ముందే తినేసేలా లేవండి. రోజూ పొద్దున్నే గ్యాస్ టాబ్లెట్ వేసుకోవడం హాస్టళ్లలో పళ్లు తోముకోవడమంత మామూలైపోయింది. మీ కష్టం ఆమ్లంతో వచ్చింది కాదు కాబట్టి ఆ మాత్రతో పెద్దగా ఒరిగేది లేదు. ఊపిరి నెమ్మదిగా తీసుకుని అంతకు రెట్టింపు సేపు వదలడం ఐదు నిమిషాలు చేస్తే గుండె వేగం తగ్గుతుంది. కానీ దాన్ని పరీక్ష హాలు గేటు దగ్గర మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయదు, రెండు వారాల ముందునుంచే అలవాటు చేసుకోవాలి. ఇవేవీ చాలకపోతే సైకాలజిస్టును కలవండి. ఐబీఎస్‌కు మాటల వైద్యం పనిచేస్తుందని నిరూపితమైంది.

ప్రశ్న: సెమిస్టర్ పరీక్షలప్పుడు నైట్ అవుట్లు చేస్తాం. కాఫీలు, రెండు మూడు ఎనర్జీ డ్రింకులు తాగుతాను. తెల్లవారుజామున పడుకుందామంటే గుండె దడదడలాడుతుంది, నిద్ర రాదు. రూమ్మేట్ ఇచ్చిన ఆల్ప్రాజోలం సగం ముక్క వేసుకుంటే పడుతోంది. ప్రమాదమా?
– పేరు రాయలేదు, కాకినాడ

జవాబు: ప్రమాదమే, అదీ రెండు వైపులనుంచి. ఒక చిన్న ఎనర్జీ డ్రింకు డబ్బాలో, అంటే 250 మిల్లీలీటర్లలో, సుమారు 75 నుంచి 80 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. శరీరం అందులో సగాన్ని వదిలించుకోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదకొండుకు తాగిన డబ్బాలో సగం తెల్లవారి నాలుగింటికి కూడా మీ రక్తంలోనే ఉందన్నమాట. ఆ దడలో చాలా భాగం దానిదే.

ఆల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, దుకాణదారు ఎవరికి అమ్మిందీ రిజిస్టరులో రాయాలి. కొద్ది వారాల్లోనే అలవాటుగా మారుతుంది. పైగా మద్యంతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది. ఇందులో మరో వింత ఉంది: ఆ మందు జ్ఞాపకశక్తిని మసకబారుస్తుంది. రాత్రంతా చదివి, చదివింది నిలవకుండా చేసే మాత్ర వేసుకుని పడుకుంటున్నారు మీరు! ఎప్పుడో ఒకటి రెండుసార్లు వేసుకుని ఉంటే ఇక ఆపేయండి. వారాల తరబడి రోజూ వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా మానకండి. ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది, డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం తగ్గించుకుంటూ రావాలి. డాక్టరుకు దాచకుండా చెప్పండి, పోలీసులకు పట్టించరు.

నైట్ అవుట్లు పూర్తిగా మానమంటే మీరు వినరని నాకు తెలుసు. కనీసం నాలుగైదు గంటలు పడుకోండి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. మీ వయసుకు రోజూ ఏడు నుంచి తొమ్మిది గంటలు కావాలి. కాఫీ సాయంత్రం నాలుగు తర్వాత వద్దు.

దడ కాఫీ లేని రోజుల్లోనూ వస్తే ఒక ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష చేయించండి. అవి బాగుండి, ఉన్నట్టుండి ఊపిరాడనట్టు, చేతులు తిమ్మిరెక్కినట్టు, ఇప్పుడే పోతానేమో అన్నంత భయం వేస్తే అది పానిక్ అటాక్ కావచ్చు. అది సాధారణంగా పది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి దానంతటదే దిగిపోతుంది. చికిత్స ఉంది.

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది. రెండు నెలలుగా నెలసరి రాలేదు. దువ్వితే జుట్టు గుప్పెడు ఊడుతోంది. మెట్లెక్కితే ఆయాసం. అమ్మ "పరీక్షల టెన్షన్, అదే సర్దుకుంటుంది" అంటోంది.
– విద్యార్థిని, గుంటూరు

జవాబు: అమ్మ మాటలో కొంత నిజముంది, పూర్తిగా కాదు. ఒత్తిడి ఎక్కువైతే అండం విడుదల వెనకబడి నెలసరి జరిగిపోతుంది. పెద్ద ఒత్తిడి తర్వాత జుట్టు ఊడటం కూడా ఉంది. అయితే అది వెంటనే కాదు, రెండు మూడు నెలలకు మొదలవుతుంది. కాబట్టి ఇప్పటి పరీక్షల్ని తిట్టే ముందు, రెండు మూడు నెలల క్రితం టైఫాయిడ్, డెంగీ లాంటివి వచ్చాయా, బరువు తగ్గాలని తిండి మానేశారా గుర్తు చేసుకోండి.

కానీ ఆయాసం దగ్గర నేను ఆగుతున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఏడున్నరకు బస్సెక్కి, టిఫిన్ మానేసి, మధ్యాహ్నం క్యాంటీన్లో పఫ్‌తో సరిపెట్టే అమ్మాయిల్లో ఇది ఆశ్చర్యం కాదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించుకుని గైనకాలజిస్టును కలవండి. అవసరమైతే ఆమే పీసీఓఎస్ అనే అండాశయాల సమస్య ఉందేమో చూడటానికి స్కానింగ్ రాస్తారు. గర్భం అవకాశం ఉంటే ముందు ఆ పరీక్షే చేసుకోవాలి, సిగ్గుపడాల్సిన పని లేదు. నీరసాన్ని ఒత్తిడి ఖాతాలో రాసేసి రక్తం తక్కువైన సంగతిని వదిలేయడం చాలా చూశాను.

ప్రశ్న: మాది మిరప వ్యవసాయం. మా అబ్బాయి బీటెక్‌లో ఏడు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయని మాకు చెప్పలేదు. కాలేజీ వాళ్లు ఫోన్ చేస్తే తెలిసింది. కోప్పడ్డాను. నాలుగు రోజులుగా గదిలోంచి రావడం లేదు, అన్నం సరిగా తినడు. నిన్న వాళ్లమ్మతో "నేను లేకపోతే మీకు అప్పులైనా తగ్గుతాయి" అన్నాడట. భయపెట్టడానికి అంటున్నాడా?
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: అయ్యా, భయపెట్టడానికా కాదా అని తేల్చే పని ఇప్పుడు మీది కాదు. ఆ మాట అన్నాడంటే నిజమనే అనుకుని నడుచుకోవాలి. ఇది చదివిన వెంటనే చేయాల్సినవి చెబుతాను.

మొదట ఇంట్లో, పాకలో, పొలం మోటారు గదిలో ఉన్న పురుగుమందులన్నీ తీయించి, వేరేవాళ్ల ఇంట్లో తాళం వేసిన చోట పెట్టించండి. "తర్వాత చూద్దాం" అనకండి. చచ్చిపోవాలన్న ఉధృతి చాలామందిలో కొద్ది గంటలే ఉంటుంది. ఆ గంటల్లో చేతికి అందేది ఏమీ లేకపోతే ప్రాణం దక్కుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ వాడి దగ్గరే ఉండండి.

రెండోది, వాడి పక్కన కూర్చుని నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని పెద్దల భయం. అలా జరగదు, అడిగితే గుండె బరువు దిగుతుంది. వాడు చెప్పేటప్పుడు మధ్యలో నీతులు, పక్కింటి పిల్లాడి ప్యాకేజీ, మీ అప్పుల లెక్క ఎత్తకండి. "బ్యాక్‌లాగ్స్ సంగతి తర్వాత చూసుకుందాం, నువ్వు ఉండాలి" అంటే చాలు. మీకు నోరు తిరగకపోతే వాళ్లమ్మ చేత గానీ, వాడికి చనువున్న మేనమామ చేత గానీ అనిపించండి.

మూడోది, 14416కు ఫోన్ చేయండి. ఇది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సహాయ కేంద్రం. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు, మీరు కూడా మాట్లాడవచ్చు. ఆ తర్వాత ఖమ్మంలో గానీ వరంగల్‌లో గానీ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి. హైదరాబాద్ వెళ్లగలిగితే ఎర్రగడ్డలో మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు వింటే ఊళ్లో ఏమనుకుంటారో అని జంకకండి. ఒకవేళ వాడు ఏదైనా తాగినా, చేసుకున్నా పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయవద్దు. అలాంటి ప్రయత్నం తీవ్ర ఒత్తిడిలో చేసిందేనని భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది.

బ్యాక్‌లాగ్స్ గురించి కూడా ఒక మాట. ఏడు సబ్జెక్టులు సప్లీలో రాసుకుని గట్టెక్కినవాళ్లు ప్రతి కాలేజీలో ఉన్నారు. హాజరు తగ్గి ఉంటే జేఎన్‌టీయూ నిబంధనల్లో కండోనేషన్ ఉంది: 75 శాతం లేకపోయినా 65కు తగ్గకపోతే అనారోగ్య కారణం మీద మినహాయింపు అడగవచ్చు. మానసిక వైద్యుడు ఇచ్చిన సర్టిఫికెట్ కూడా మెడికల్ సర్టిఫికెట్టే. ఆ కాగితాల పని ఈ నెల మీరు చూసుకోండి, వాణ్ణి తిప్పకండి.

ప్రశ్న: అమ్మాయి డల్లాస్ దగ్గర ఎంఎస్ చేస్తోంది. ఫోన్‌లో "బాగానే ఉన్నా" అంటుంది గానీ వీడియో ఆన్ చేయదు. పరీక్షలు, లోను, ఉద్యోగం దొరకదేమోనన్న బెంగ. ఇక్కడినుంచి ఏం చేయగలం?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ముందు లోను మాట ఎత్తడం తగ్గించండి. మీరు గుర్తు చేయకపోయినా ఆ అమ్మాయికి వడ్డీ రేటు కంఠతా వచ్చి ఉంటుంది. సెమిస్టర్ నడుస్తుండగా విద్యార్థి వీసా మీద క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. కాబట్టి "ఇంకాస్త సంపాదించరాదా" అనే ఒత్తిడి పిల్లల్ని తప్పుడు దారి పట్టిస్తుంది. అక్కడి యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ సెంటర్లు ఉంటాయి, చాలాచోట్ల కొన్ని సెషన్లకు వేరే ఫీజు ఉండదు. ఆరోగ్యం బాగాలేకపోతే డాక్టరు పత్రంతో, కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారి అనుమతితో తక్కువ సబ్జెక్టులు తీసుకున్నా వీసా చెడదు. కాకపోతే అనుమతి ముందు, సబ్జెక్టు వదలడం తర్వాత. ఈ వరస తప్పితే చిక్కే. అత్యవసరమైతే అక్కడ 988 నంబరుకు ఫోన్ చేయవచ్చు, మెసేజ్ కూడా పెట్టవచ్చు. ఆమె రూమ్మేట్ నంబరు మీ దగ్గర ఉందా? లేకపోతే ఇవాళే అడిగి తీసుకోండి.

ప్రశ్న: ధ్యానం, యోగా చేస్తే ఒత్తిడి పోతుందా?
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: చేయండి, మంచిదే. రోజూ అరగంట నడక కూడా అంతే మేలు. కానీ ఫీజు బకాయి, హాల్ టికెట్ ఇవ్వనన్న కాలేజీ, నలుగురికి చాలని గదిలో ఎనిమిది మంది, ఇవి ప్రాణాయామంతో పోవు. వాటికి అర్జీ పెట్టాలి, అడగాలి.

ప్రశ్న: ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని. మా పిల్లల్లో చాలామంది నలిగిపోతున్నారు. కౌన్సెలర్ కావాలంటే యాజమాన్యం "అది మన పని కాదు" అంటోంది. ఏం చేయను?
– విజయవాడ

జవాబు: అది వాళ్ల పనే. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు ఇస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలి మానస్ వంటి సహాయ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనబడేలా పెట్టాలి. తీర్పు ప్రతి జతచేసి ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, నోటిమాటకు విలువ ఉండదు. ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు సహోద్యోగులతో సంతకం పెట్టించండి.

యాజమాన్యం కదిలేలోపు నంబరు ముద్రించిన కాగితాలు మీరే అంటించవచ్చు. అయితే ఆఫీసు ముందున్న నోటీసు బోర్డుతో ఆగకండి, నలుగురిలో నిలబడి ఆ నంబరు రాసుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. హాస్టల్ బాత్రూం తలుపులకు లోపలివైపు అంటించండి.