మోటారు బండి ఫ్యాను స్విచ్చి: దాని పిన్నులను గుర్తించు విధము



మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో మామిడికాయ మార్కెట్టుకు చేరవలసిన దినములును, ఎండ 45 డిగ్రీలకు చేరు దినములును ఒక్కటే. జగిత్యాల మార్కెట్టు ముంగిట వరుసలో నిలిచిన బండికిని, నిర్మలు దాటి మహబూబు ఘాటు మెల్లగా ఎక్కు బండికిని ఎదురుగాలి చాలదు. అట్టి సమయమున రేడియేటరులోని వేడిని తీయునది విద్యుత్తుతో తిరుగు ఫ్యాను. ఆ ఫ్యానును వేళకు తిప్పుట అనేక బండ్లలో ఒక చిన్న ఇత్తడి స్విచ్చి పని. స్విచ్చి మార్చునపుడు తీగలు తప్పుగా తగిలించినచో ఫ్యాను ఆలస్యముగ తిరుగును, లేదా తిరుగనే తిరుగదు. అంతట ఇంజను హెడ్డు వంకరపోవును, గ్యాస్కెట్టు కాలును, సరుకు త్రోవలోనే చెడును. ఇంత నష్టము కొద్దిపాటి పరీక్షతో తప్పించుకొనవచ్చును.

ఈ పాఠము విద్యుత్ ఫ్యాను గల కార్లకును, చిన్న సరుకు బండ్లకును సంబంధించినది. ట్రాక్టరు ఫ్యాను సాధారణముగా బెల్టుతో తిరుగును గనుక దానికి ఈ స్విచ్చి యుండదు.

స్విచ్చి స్వభావము

ఇత్తడి తొడుగు లోపల రెండు వేరువేరు లోహములను అతికి చేసిన బిళ్ళ యుండును. ఆ లోహములు వేడికి సమానముగా సాగవు. కావున నిర్ణీతమైన వేడి తగిలినంతనే బిళ్ళ టక్కున వంగి విద్యుత్ మార్గమును కలుపును, చల్లబడినపుడు విడదీయును. తొడుగుపై 95–90 వంటి అంకెలున్నచో, 95 డిగ్రీలకు కలియుననియు, 90కి విడిపోవుననియు అర్థము.

ఒకే పిన్ను గల స్విచ్చికి రెండవ మార్గము దాని ఇత్తడి యొడలే. అది మరల ద్వారా ఇంజనుకు ఎర్తగును. కావున అట్టిదాని మరలకు టేపు చుట్టరాదు. రెండు పిన్నులు గలదానికి ప్లస్సు, మైనసు భేదము లేదు. ఏ తీగ ఏ పిన్నుకు తగిలించినను పని జరుగును. తికమక అంతయు మూడు పిన్నుల స్విచ్చితోనే. దానిలో ఒకటి ఉమ్మడి పిన్ను, ఒకటి నెమ్మది వేగమునకు, ఒకటి హెచ్చు వేగమునకు.

పాత ప్లగ్గు చెక్కుచెదరక, కొత్త స్విచ్చి అదే నంబరుదైనచో ఏ పరీక్షయు అక్కరలేదు. ప్లగ్గు విరిగి తీగలు విడివిడిగా వ్రేలాడునపుడును, వేరొక తయారీ స్విచ్చి దొరికినపుడును పరీక్ష అవసరము. తీగ రంగును బట్టి నిర్ణయింపరాదు. రంగులు బండి బండికిని మారును; మునుపు మరమ్మతు చేసినవారు చేతికందిన తీగ నతికి యుండవచ్చును. 30, 85, 87 వంటి అంకెలు రిలేపై కనబడును. అవి స్విచ్చి పిన్నులకు వర్తింపవు.

మొదటి పరీక్ష: స్విచ్చికి

ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే పని మొదలుపెట్టవలెను. మూత బిగించియున్న రేడియేటరులో ఒత్తిడి వలన నీరు 100 డిగ్రీలు దాటినను మరుగక నిలిచి, మూత తీసినంతనే ఎగజిమ్మి ఒడలు కాల్చును. బ్యాటరీ మైనసు తీగను ఊడదీయుడు. కొన్ని బండ్లలో తాళము తీసినను ఫ్యాను దానంతట అది తిరిగి వ్రేళ్ళు తెంపగలదు. కారిన కూలెంటును పశువులు, కుక్కలు త్రాగకుండ పాత్రలో పట్టవలెను. అది తియ్యగా నుండు విషము.

స్విచ్చిని దారముతో కట్టి, ఇత్తడి కొన మాత్రమే నీట మునుగునట్లు, పిన్నులు తడవకుండునట్లు, అడుగును తాకకుండునట్లు వ్రేలాడదీయుడు. ప్రక్కనే 110 డిగ్రీల వరకు చూపు ఉష్ణమాపకము నుంచుడు. జ్వరము చూచునది 42 డిగ్రీలతోనే ముగియును గనుక పనికిరాదు. మల్టీమీటరును ఓముల స్థానమున నుంచి, నీటిని మెల్లగా కాచుచు పిన్నులను రెండేసి చొప్పున చూడుడు. చల్లగా నున్నపుడు ఏ రెండును కలియవు. మొదటి వేడికి రెండు పిన్నులు కలియును. ఇంకను వేడెక్కిన పిదప మూడవదియు వచ్చి చేరును. కడపట చేరినదే హెచ్చు వేగపు పిన్ను. దానికి గుర్తు పెట్టుడు.

ఇచట నొక హెచ్చరిక. కొన్ని స్విచ్చులలో రెండవ మెట్టు 100 డిగ్రీలు దాటిన పిదప కలియును. వట్టి నీరు అంతవరకు వేడెక్కదు. కావున మరుగు నీటిలో మూడవ పిన్ను చేరనంత మాత్రమున స్విచ్చి చెడినదని పారవేయరాదు. మొదట కలిసిన రెండును తెలిసినవి గనుక మిగిలినదే మూడవది.

చల్లగా నున్నపుడే మీటరు రెండు మూడు వేల ఓములు చూపి, వేడెక్కిన కొలది ఆ అంకె క్రమముగా తగ్గినచో, అది స్విచ్చి కాదు. కంప్యూటరుకు వేడి తెలుపు సెన్సారు. దాని తీగలకు బ్యాటరీ విద్యుత్తు నెన్నడును తగిలింపకుడు, కంప్యూటరు పాడగును.

రెండవ పరీక్ష: తీగలకు

బ్యాటరీ తీగను మరల తగిలించి, స్విచ్చి తీగలు మూడును విడిగా నుంచి, తాళము త్రిప్పుడు; ఇంజను నడుపవలదు. మీటరు నల్ల తీగను ఇంజను లోహమునకు ఆనించి, మూడు తీగలలోని వోల్టులు చూడుడు. ఒకదానిలో 12 వోల్టులుండి రెండింటిలో లేకపోవచ్చును; లేక రెండింటిలో నుండి ఒకదానిలో లేకపోవచ్చును. మొదటి పద్ధతిలో స్విచ్చి ప్లస్సును పంపును. రెండవదానిలో రిలేకు ఎర్తు నిచ్చును. ఫ్యూజులు, తీగలు సరిగా నున్నచో, ఏ పద్ధతిలోనైనను ఒంటరిగా నున్న తీగయే ఉమ్మడి తీగ. ఈ సూత్రము కంఠస్థము చేయదగినది.

వోల్టులు చూచుటకు మీటరునే వాడవలెను, బల్బు తగదు. రిలే గుండా వచ్చు కొద్దిపాటి విద్యుత్తుతో బల్బు వెలుగదు. పైగా రిలే పనిచేసి ఫ్యాను తిరుగవచ్చును.

పిమ్మట ఫ్యూజు గల తీగముక్కతో ఉమ్మడి తీగను మిగిలిన రెండింటికి ఒక్కొక్కటిగా కలుపుడు. నెమ్మదిగా తిప్పునది మొదటి మెట్టు తీగ, వడిగా తిప్పునది రెండవ మెట్టు తీగ. ఆ మార్గమునకు నిర్ణయింపబడిన ఫ్యూజుకంటె పెద్దది వేయరాదు. ఈ పనిలో చేయి గాని, తువ్వాలు గాని ఫ్యాను దరికి పోనీయరాదు.

తగిలించుట

వడిగల తీగను కడపట కలిసిన పిన్నుకు తగిలించుడు. ఉమ్మడి తీగయు, నెమ్మది తీగయు తక్కిన రెండింటికి పోవును. ఆ రెంటిలో ఏది అసలు ఉమ్మడి పిన్నో నీటి పరీక్ష చెప్పజాలదు; తయారీదారుని గుర్తున్నచో దాని ననుసరింపుడు. గుర్తు లేక అవి తారుమారైనను సాధారణముగా రెండు వేగములును వచ్చును. ప్రమాదకరమైన తప్పు ఒక్కటే: ఉమ్మడి తీగను కడపటి పిన్నుకు తగిలించుట. అట్లయినచో మొదటి మెట్టున ఫ్యాను కదలనే కదలదు. ఇంజను మిక్కిలి వేడెక్కిన పిదపనే తిరుగును.

చివర కూలెంటు నింపి, గాలి వెడలించి, బండిని నిలిపి నడుపుచు ఫ్యాను వేళకు తిరిగి ఆగుచున్నదో లేదో చూచిన పిదపనే సరుకు నెత్తుడు.

మల్టీమీటరు, ఉష్ణమాపకము ప్రతి యింట నుండనక్కరలేదు. సంఘ కార్యాలయమున ఒక్కొక్కటి యున్నచో సభ్యులందరికిని చాలును. 1956లో ముల్కనూరున సహకార సంఘము స్థాపించినవారు మన ప్రాంతమునకు చూపిన మార్గ మిదియే: ఒక్కనికి భారమైనది నలుగురికి సులభము. మామిడి కోతకు ముందే, ఎండలు ముదురక మునుపే, ఈ పరీక్ష ముగించుకొనుడు.