అమెరికా కళాశాలల క్రీడా కూటములు: నేటి మార్పులు, రేపటి దారి

మన దేశమున అంతర్ విశ్వవిద్యాలయ క్రీడాపోటీలను పెక్కింటిని మండలముల వారీగా జరుపుదురు. దక్షిణాది జట్టు తొలుత దక్షిణాది జట్లతోనే తలపడును. చదువు చెడకుండ, ఖర్చు పెరగకుండ ఆట సాగవలెనన్నచో ఇదియే సులభమార్గము. అమెరికాలో కూడ కళాశాలల క్రీడలు ఈ పద్ధతిలోనే ఆరంభమైనవి. ఆ పద్ధతి అచట ఎట్లు సడలినదో, ఇకముందు ఏమి కాగలదో విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

కొన్ని విశ్వవిద్యాలయములు కలిసి ఏర్పరచుకొన్న క్రీడా కూటమిని అచట 'కాన్ఫరెన్సు' అందురు. 1896లో చికాగో, మిచిగన్, విస్కాన్సిన్ మొదలగు 7 విశ్వవిద్యాలయములు నెలకొల్పిన కూటమియే నేటి 'బిగ్ టెన్'. చదువులో వెనుకబడని నిజమైన విద్యార్థులే ఆడవలెనని నియమము చేయుటకు ఆ పెద్దలు పూనుకొనిరి. 1915లో పసిఫిక్ తీరమున మరియొక కూటమి వెలసినది. అదియే తరువాత 'పాక్-12'గా ప్రసిద్ధి చెందినది. ఇరుగుపొరుగు వారి స్పర్ధయే ఈ కూటములకు ప్రాణము.

ఈ స్థితిని మార్చినది టెలివిజన్. అమెరికన్ ఫుట్‌బాల్ పోటీల ప్రసారముపై జాతీయ క్రీడాసంఘమునకు గల గుత్తాధికారము చెల్లదని 1984లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నాటినుండి కూటములు తమ ప్రసార హక్కులను తామే అమ్ముకొనసాగినవి. ప్రేక్షకులు ఎక్కువగాగల విశ్వవిద్యాలయము చేరినచో కూటమి ఆదాయము పెరుగును. కావున ఒకరి సభ్యులను మరియొకరు ఆకర్షించుట మొదలైనది. టెక్సాస్ ప్రాంతపు పాత కూటమి 'సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్సు' 1996లో అంతరించినది.

ఇటీవలి మార్పులు మరింత తీవ్రమైనవి. టెక్సాస్, ఓక్లహామా విశ్వవిద్యాలయములు తమ కూటమిని వీడి 2024లో ఆగ్నేయ కూటమిలో చేరినవి. అదే సంవత్సరము లాస్ ఏంజిలస్‌లోని రెండు ప్రముఖ విశ్వవిద్యాలయములు, వాటి వెంట ఆరెగాన్, వాషింగ్టన్‌లు బిగ్ టెన్‌లో ప్రవేశించినవి. పేరులో పదియే యున్నను నేడు దాని సభ్యులు 18. పసిఫిక్ తీరమునగల స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీలు 'అట్లాంటిక్ తీర' కూటమిలో చేరుట మరియొక వింత. పాక్-12లో చివరకు మిగిలినవి ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ అను రెండే. ఆటలో ఓడి అవి ఒంటరివి కాలేదు. వాటి ఊళ్ళు చిన్నవి, ప్రేక్షకులు తక్కువ. అందువలననే వాటిని కోరిన పెద్ద కూటమి లేకపోయినది.

ఈ మార్పుల లాభము ప్రధానముగా ఫుట్‌బాల్‌ది. భారము మాత్రము అన్ని ఆటలది. ఫుట్‌బాల్ జట్టు సాధారణముగా వారమునకు ఒక్కసారి ఆడును. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడు విద్యార్థినులు ఇంతకంటె తరచుగా ఆడవలెను. న్యూజెర్సీ నుండి లాస్ ఏంజిలస్‌కు సుమారు 4 వేల కిలోమీటర్ల దూరము, 3 గంటల కాలభేదము. పోటీకై విమానమెక్కిన విద్యార్థిని పాఠము వినుటెట్లు, పరీక్షకు సిద్ధపడుటెట్లు?

ఇక భవిష్యత్తు. 2025 జూన్‌లో న్యాయస్థానము ఆమోదించిన ఒప్పందము ప్రకారము విశ్వవిద్యాలయములు క్రీడాకారులకు నేరుగా ధనము చెల్లింపవచ్చును. 2025-26 సంవత్సరమునకు ఆ పరిమితి ఒక్కొక్క సంస్థకు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. శ్రమించి ఆడువారికి వాటా లభించుట న్యాయమే. కాని ఆ ధనము సమకూర్చుకొనుటకు మరల కూటములు మారవలెనను ఒత్తిడి పెరుగవచ్చును. రెండు పెద్ద కూటములే బలపడి మిగిలినవి క్షీణించుట ఒక మార్గము. ఫుట్‌బాల్‌ను వేరుచేసి, తక్కిన ఆటలను మరల ఇరుగుపొరుగు సంస్థల నడుమ జరుపుకొనుట రెండవ మార్గము. ఈ రెండవదియే మేలని నా అభిప్రాయము. దూరదేశ ప్రేక్షకులను కోరునది ఒక్క ఫుట్‌బాల్ కాగా, తక్కిన విద్యార్థులెల్లరు దానివెంట ప్రయాణింపవలసిన అవసరమేమి?

కళాశాల క్రీడకు ధనము అవసరమే. అయినను 1896లో ఆ ఏడు విశ్వవిద్యాలయముల వారు ముందుగా అడిగిన ప్రశ్న విద్యార్థి చదువును గూర్చినది. ఏ దేశమునందైనను, ఏ కళాశాలయందైనను క్రీడల ఏర్పాటు చేయు పెద్దలు ముందుగా అడుగవలసిన ప్రశ్న నేటికిని అదియే.