కలసి పనిచేయువారి మర్యాద

గ్రామ పంచాయతీకి నిధులు చాలుట లేదనియు, అధికారములు చాలుట లేదనియు తరచుగా వినుచుందుము. ఆ మాటలలో నిజము లేకపోలేదు. కాని నిధులు ఉండియు, తీర్మానము జరిగియు, పని మాత్రము కదలని గ్రామములు కూడ కలవు. కారణము విచారించినచో సర్పంచికిని కార్యదర్శికిని మాటలు లేవని తెలియును. లేదా ఒక వార్డు సభ్యుడు లెక్క అడిగినందుకు మరియొకరు దానిని తమ వంశమునకే అవమానముగా తలచిరని తెలియును. నీళ్ల మోటారు చెడినది. బాగుచేయువాడు సిద్ధముగా నున్నాడు. కాగితము కదల్పవలసిన ఇద్దరు మాత్రము ఒకరి ముఖ మొకరు చూడరు. వీధి కుళాయి వద్ద బిందెలు వరుసగా వేచియుండును.

ఒక చోట కలసి పనిచేయువారు ఎట్లు మెలగవలెనను విషయమును ఈ నెల పాఠముగా తీసికొంటిమి. దీనికి ఉదాహరణమును దూరమున వెదకనక్కరలేదు. మన గరివిడియే కలదు.

భారతదేశమున మాంగనీసు ఖనిజమును త్రవ్వుట 1892లో, నాటి విశాఖపట్టణము జిల్లాకు చెందిన ఈ విజయనగర ప్రాంతముననే మొదలైనది. గరివిడి చేరువనున్న కోడూరు గనులలో దొరకిన ఒక జాతి రాతికి భూగర్భ శాస్త్రజ్ఞుడు ఫెర్మార్ ఆ ఊరి పేరుననే ‘కోడురైట్’ అని నామకరణము చేసెను. తరువాత, 1955లో స్థాపితమైన ఫెర్రో ఎల్లాయిస్ కార్పొరేషను, అనగా మన ప్రజల నోట ‘ఫేకర్’, గరివిడి శ్రీరామనగర్‌లో ఫెర్రో మాంగనీసు కర్మాగారమును నెలకొల్పెను. పొలము పనికి వేళ సూర్యుడు చెప్పును. కర్మాగారములో వేళ సైరను చెప్పును. ఈ మార్పును మన పల్లెలవారు అలవరచుకొనిరి.

ఇట్టి కర్మాగారపు కొలిమి వద్ద పని ఎట్లు జరుగునో సభ్యులు ఒకమారు ఆలోచింపవలెను. ఖనిజమును, కోకు బొగ్గును, సున్నపురాతి వంటి వానిని కలిపి విద్యుత్తుతో కరగింతురు. కొలిమి రాత్రింబవళ్లు మండుచునే యుండును. మనుష్యులు మాత్రము 8 గంటల కొకమారు మారుదురు. దిగిపోవు షిఫ్టువారు ఎక్కివచ్చు షిఫ్టువారికి కొన్ని సంగతులు చెప్పి తీరవలెను. లోహమును ఏ వేళకు తీసిరి, ఎలక్ట్రోడు ఎట్లున్నది, చల్లబరచు నీరు ఎచ్చటనైన కారుచున్నదా అనునవి వానిలో ముఖ్యములు. కరిగిన లోహము క్రింద తడి చిక్కినచో నీరంతయు ఒక్కమారుగా ఆవిరియై ప్రేలును. ‘నీరు కారుచున్నది’ అను చిన్న మాటను ఒకడు కోపముచేత మ్రింగివేసినచో, తరువాత వచ్చినవాని ప్రాణము మీదికి వచ్చును. అట్లే క్రేను నడుపువాడు పైనుండును. క్రింద నుండి చేతి సంజ్ఞ చేయువాడు ఒక్కడే యుండును. ఆ ఇద్దరును ముందు దినము సంతలో తగవులాడియుండవచ్చును, వేరు వేరు పార్టీలకు ఓటు వేసియుండవచ్చును. అయినను సంజ్ఞ ఆగదు. పనిచోటి మర్యాద యనగా మేము ఉద్దేశించునది ఇదియే. స్నేహము కుదిరిన మంచిదే. కుదరకపోయినను చెప్పవలసిన మాట చెప్పవలెను, వినవలసిన మాట వినవలెను.

పంచాయతీలో లోహము కరుగదు గదా యని కొందరు తలంపవచ్చును. ఒక కార్యదర్శికి బదిలీ అయినదనుకొందము. సర్పంచితో మనస్పర్థ కలదు. బీరువా తాళపుచెవులను బల్లపై పెట్టి, క్రొత్తవారికి ఒక్క మాటయు చెప్పక వెడలిపోయెను. పంచాయతీ సంగతులలో కొన్ని రిజిస్టరులలో నుండును, కొన్ని మనుష్యుల తలలలో నుండును. ఏ బోరు వేసవిలో అడుగంటును, ఓవర్‌హెడ్ ట్యాంకును కడుగుట ఎప్పుడు జరిగినది, ఏ కాంట్రాక్టరుకు సగము పైకము ముట్టినది, చెరువు గట్టు ఆక్రమణపై నడచుచున్న దావాకు తదుపరి వాయిదా ఎప్పుడు, ఇవన్నియు ఆ తలలోనే వెడలిపోవును. వాయిదా నాడు పంచాయతీ తరపున ఎవరును హాజరు కానిచో కోర్టు ఎదుటి పక్షము మాత్రమే విని తీర్పు చెప్పవచ్చును. అప్పుడు నష్టపోవునది సర్పంచి కాదు, చెరువు నీటిపై ఆధారపడిన ఆయకట్టు రైతు.

ఎన్నికల పిమ్మట ఈ జాడ్యము మరింత ముదురును. ఓడినవారు నగదు పుస్తకమును, మినిట్సు పుస్తకమును తమ సొంత ఆస్తి వలె దాచుదురు. గెలిచినవారు పాతవారి గడప త్రొక్కి అడుగుట నామోషీ యనుకొందురు. రెండును తప్పే, కాని రెండవది త్వరగా దిద్దుకొనదగినది. పదవి చేపట్టిన వారమునందే పాత సర్పంచి యింటికి వెళ్లి, ‘మీ కాలమున మిగిలిన పనులేవి?’ అని అడిగినచో క్రొత్త సర్పంచికి గౌరవము తరుగదు.

అప్పగింత విషయమున మా సలహా యిది. రిజిస్టరుల జాబితా రెండు ప్రతులుగా వ్రాసి ఇరువురును సంతకము చేయవలెను. అంతటితో సరిపెట్టక, పాతవారును క్రొత్తవారును ఒక పూట కలసి ఊరు తిరుగవలెను. నీళ్ల ట్యాంకు, మోటారు గది, వీధి దీపముల స్విచ్చులు, చెత్త నుండి సంపద తయారు చేయు షెడ్డు, శ్మశానపు దారి, ఈ చోట్లకు పోయి చూచుచు మాటలాడినచో కాగితముపై ఎక్కని సంగతులు వాటంతట అవే బయటపడును.

ఇక ఒకే కప్పు క్రింద పనిచేయు వేరు వేరు శాఖలవారి మాట. 2019 అక్టోబరు 2వ తేదీన నాటి తూర్పు గోదావరి జిల్లా కరపలో ఆరంభమైన గ్రామ సచివాలయ వ్యవస్థ, సుమారు 2,000 జనాభాకు ఒకటి చొప్పున కార్యాలయములను ఏర్పరచినది. వ్యవసాయము, సర్వే, ఇంజనీరింగు, సంక్షేమము, ఆరోగ్యము, ఇట్లు ఒక్కొక్క ఉద్యోగి ఒక్కొక్క శాఖకు జవాబుదారి. తమ ప్రమేయము లేకయే ఊరి పనులు నడచుచున్నవని సర్పంచులు మొరపెట్టుకొనిరి. ప్రతి మనిషియు తమపై అజమాయిషీ చేయుచున్నాడని ఉద్యోగులును మొరపెట్టుకొనిరి. ఆ వ్యవస్థ మంచిచెడ్డలను ఇచ్చట విచారింపము. సభ్యులు ఒక్క సంగతి గమనించిన చాలును. తమ శాఖ కాని ఉద్యోగిని జనము ఎదుట గద్దించిన సర్పంచి, ఆ ఉద్యోగితో మరునాడు పని చేయించుకొనలేడు. తప్పు కనబడినచో లోపలి గదికి పిలిచి అడుగవలెను. దిద్దుకొననిచో పై అధికారికి వ్రాయవలెను. వరండాలో కేకలు వేయుట వలన చూచువారికి వినోదము కలుగును గాని సర్వే పటము చేతికి రాదు.

పిలుపు విషయము చిన్నదిగా కనబడును, కాని మన ఉత్తరాంధ్రలో అది చిన్నది కాదు. మన ఊళ్లలో ఎవరిని పిలిచినను వరుస పెట్టియే పిలుతుము. అన్న, వదిన, మావ, అప్ప, బావు, ఇవి లేక మాట సాగదు. ఇది మన ప్రాంతపు సౌందర్యమని మేము నమ్ముదుము. అయినను పాతికేండ్లు నిండని కార్యదర్శినిని తండ్రి వయసు గల సభ్యుడు గ్రామ సభలో ‘ఏటి పాపా, ఆ కాగితం ఇలాగట్రా’ అని పిలిచినచో, ఆమె తరువాత చదువబోవు నోటీసుకు ఊరిలో విలువ యెంత? ఇంటి అరుగు మీద పాప యనవచ్చును. సభలో ‘కార్యదర్శి గారు’ అనవలెను. ఆమెయు అట్లే, చదువురాని వృద్ధ సభ్యుని ‘నువ్వు’ అనక ‘మీరు’ అనవలెను. చదువు తక్కువైనవానిని ఏకవచనమున పిలుచు అలవాటు కొందరు యువోద్యోగులలో మాకు కనబడినది.

1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో స్త్రీలకు మూడవ వంతుకు తక్కువ కాకుండ స్థానములు కేటాయించినది. మన రాష్ట్రము 2011లో దానిని సగమునకు పెంచినది. కుర్చీ ఆమెకు వచ్చినది, కాని చాల చోట్ల కుర్చీలో కూర్చుండువాడు భర్త. సర్పంచి గారెక్కడ యని అడిగినచో ఆయనయే లేచి నమస్కరించును! ఈ దురాచారమును పరిశీలించుటకు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో సలహా సంఘమును నియమించవలసి వచ్చినది. ఇందులో భర్త తప్పు ఎంత కలదో, ఫైలును ఆయన ముందు పెట్టు ఉద్యోగి తప్పు అంతయే కలదు. ఆయన అధ్యక్షత వహించుచుండగా మాటలాడక కూర్చుండు తోటి సభ్యుల తప్పును కలదు. సంతకము కొరకు ఫైలు ఆమె చేతికే ఇచ్చి, అందులో ఏమున్నదో ఆమెకే చదివి వినిపించుట ఉద్యోగి ధర్మము. ఆమె నెమ్మదిగా మాటలాడినచో వేచియుండుట సభ్యుల ధర్మము. మొదటి రెండు సమావేశములు ఆలస్యమగును. మూడవ దానిలో ఆమె ప్రశ్నలు మొదలిడును.

షెడ్యూల్డు కులముల, తెగల సభ్యులను చాప మీద కూర్చుండబెట్టుట, జెండా పండుగ నాడు వారిని వెనుకకు నెట్టి పెద్దలు త్రాడు పట్టుకొనుట మర్యాద లోపముగా మాత్రమే ఎంచదగినవి కావు. 1989 నాటి అత్యాచార నిరోధక చట్టమునకు 2015లో జరిగిన సవరణ ప్రకారము, ఎన్నికైన అట్టి సభ్యుని లేక సర్పంచిని విధులు నిర్వర్తింపకుండ అడ్డుట, బెదరించుట శిక్షార్హమైన నేరము. 6 నెలల నుండి 5 సంవత్సరముల వరకు జైలు పడవచ్చును.

పారిశుద్ధ్య కార్మికులు కూడ మన సహోద్యోగులే యని సభ్యులకు గుర్తు చేయుచున్నాము. తెల్లవారకముందే చెత్త బండి త్రోయువారిని ‘ఒరే’, ‘ఒసే’ యని పిలుచుట, కార్యాలయములో అందరికి గాజు గ్లాసులలో టీ ఇచ్చి వారికి మాత్రము గుమ్మము బయట వేరు పాత్ర పెట్టుట నేటికిని కొన్ని చోట్ల సాగుచున్నది. అంటరానితనపు నేరముల చట్టము 1955లోనే వచ్చినది. చేతి తొడుగులు, బూట్లు ఇచ్చితిరా, గత నెల జీతము అందినదా, ఈ రెండును ప్రతి సమావేశమున మొదటి ప్రశ్నలు కావలెనని మా అభిప్రాయము. ఎస్టిమేటుల సంగతి తరువాత చూచుకొనవచ్చును.

చివరగా, చెప్పుటకు సంకోచించినను చెప్పక తప్పని విషయ మొకటి. పనిచోట స్త్రీలను అసభ్యపు మాటలతో, చేష్టలతో వేధించుట పట్టణములకే పరిమితమని పల్లెలవారు భావింతురు. కాని నేడు దేశమంతటికిని వర్తించు చట్టమునకు మూలము ఒక పల్లె కార్యకర్తయే. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామమున స్త్రీ అభివృద్ధి పథకములో ‘సాథిన్’గా పనిచేసిన భన్వరీ దేవి ఒక బాల్యవివాహమును ఆపబోయెను. ఆ కక్షతో 1992లో ఆమెపై సామూహిక అత్యాచారము జరిపిరి. ప్రభుత్వము చెప్పిన పని చేయబోయి ఆమె గురియైన ఆ ఘోరమును చూచి స్త్రీల సంఘములు సుప్రీం కోర్టుకు పోగా, 1997 ఆగస్టు 13వ తేదీన ‘విశాఖ’ కేసు తీర్పు వెలువడెను. ఆ పేరు స్త్రీల సంఘముది, మన విశాఖపట్టణముది కాదు. తరువాత 2013లో పార్లమెంటు చట్టము చేసినది.

ఆ చట్టము పంచాయతీ కార్యాలయమునకును వర్తించును. పది మందికి తక్కువగా పనిచేయు చోట్ల, లేదా యజమాని పైననే ఫిర్యాదు ఉన్నప్పుడు, జిల్లాలోని స్థానిక కమిటీ విచారించును. గ్రామీణ ప్రాంతములలో ఫిర్యాదు స్వీకరించుటకు నోడల్ అధికారి యుండవలెననియు, ఆయన 7 దినములలో దానిని కమిటీకి పంపవలెననియు నియమము. సంఘటన జరిగిన 3 నెలలలోపల ఫిర్యాదు చేయవలెను. తగిన కారణము చూపినచో కమిటీ మరి 3 నెలల గడువు ఇయ్యవచ్చును. వ్రాయలేని స్త్రీకి వ్రాయుటకు సాయము చేయుట కమిటీ బాధ్యత.

పెద్దమనుష్యులు ఇచ్చట జాగ్రత్త వహింపవలెను. ఇట్టి సంగతిని రచ్చబండ మీదికి ఈడ్చుట, ఆమె పేరు నలుగురిలో పలుకుట, తప్పు డబ్బు కట్టించి రాజీ చేయుట మన ఊళ్లలో న్యాయముగా చెలామణి యగుచున్నవి. చట్టము వీనిని ఒప్పదు. ఫిర్యాదు చేసిన స్త్రీ పేరు బయటపెట్టరాదు. ఆమె తానై కోరిననే రాజీ ప్రయత్నము చేయవచ్చును. అప్పుడును దానికి డబ్బు ఆధారము కారాదు. రాబోవు సమావేశపు అజెండాలో ఈ అంశమును చేర్చి, నోడల్ అధికారి పేరును, జిల్లా కమిటీ చిరునామాను మండల కార్యాలయము నుండి తెలిసికొని, పంచాయతీ నోటీసు బోర్డుపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. అంగనవాడీ, పాఠశాల వంటగది, చెత్త షెడ్డు, ఈ మూడు చోట్ల కూడ ఒక్కొక్క ప్రతి అంటింపుడు. బోర్డు చూచుటకు కార్యాలయము దాక రానివారు అచ్చటనే పనిచేయుచున్నారు.