నివాసం: కొండవాలు



జ్ఞానస్నానపు రిజిస్టరులో తల్లిదండ్రుల పేర్ల తరువాత "నివాసం" అని ఒక గడి ఉంటుంది. విచారణ గురువుగా ఆ గడి దగ్గర నా కలం చాలాసార్లు ఆగింది. మెయిన్ రోడ్డు మీద ఇల్లున్నవారు వీధి పేరు, ఇంటి నంబరు గడగడ చెప్పేస్తారు. కొండవాలున ఇల్లు కట్టుకున్న దంపతులు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చివరకు తండ్రి మెల్లగా "విజయవాడ అని రాసేయండి ఫాదర్, చాలు" అంటాడు. మొదట్లో నేను అలాగే రాసేవాణ్ణి. అందులో ఏదో తప్పుందని తెలియడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. ఈ వారం మన పాఠం ఆ గడి గురించే.

యోహాను సువార్త మొదటి అధ్యాయం తెరవండి (1:43-51). ఫిలిప్పు ఎంతో ఉత్సాహంతో వచ్చి, ప్రవక్తలు చెప్పినవాడు దొరికాడని నతానయేలుతో చెబుతాడు. చెబుతూ ఊరి పేరు కూడా చెబుతాడు. ఆ పేరు వినగానే నతానయేలు పెదవి విరుస్తాడు. అలాంటి చోటినుండి చెప్పుకోదగ్గది ఏమి వస్తుందన్నది అతని ఉద్దేశం. దీన్ని మనలో చాలామంది యెరూషలేము పండితుల గర్వంగా భావిస్తారు. కాని అదే సువార్త చివరి అధ్యాయంలో (21:2) నతానయేలు సొంత ఊరు గలిలీయలోని కానా అని ఉంది. కానా మాత్రం ఏమంత పట్టణం? అదీ పల్లెటూరే, నజరేతుకు కొన్ని గంటల నడక దూరం. అంటే ఆ చిన్నచూపు పైనుండి వచ్చింది కాదు, పక్కనుండి వచ్చింది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

ఆ నజరేతు ఎలాంటిది? పాత నిబంధనలో దాని పేరే లేదు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫసు గలిలీయలోని ఊళ్ళను పదుల సంఖ్యలో పేర్కొన్నాడు గాని దీన్ని పేర్కొనలేదు. తవ్వకాలలో కనిపించినవి సున్నపురాతి గుహలను ఆనుకొని కట్టుకున్న ఇళ్ళు, ధాన్యం దాచుకునే పాతర్లు, వాననీటి తొట్లు. 2009లో ప్రభువు కాలపు ఇల్లు ఒకటి బయటపడింది. రెండు గదులు, ముంగిలి, నీటి తొట్టి, అంతే. ఊరంతా కలిపి కొన్ని వందలమంది ఉండేవారని పండితుల అంచనా.

దానికి సుమారు 6 కిలోమీటర్ల దూరంలో సెఫోరిస్ నగరం ఉండేది. రోము చక్రవర్తికి గలిలీయ అంతా ఒక మారుమూల. ఆ మారుమూలకు రాజధాని సెఫోరిస్. క్రీ.పూ. 4లో పెద్ద హేరోదు చనిపోయాక అక్కడ తిరుగుబాటు లేచింది. రోము సైన్యం నగరాన్ని తగులబెట్టి, జనాన్ని బానిసలుగా అమ్మింది. హేరోదు కుమారుడు అంతిపా దాన్ని తిరిగి కట్టించాడు. సుమారు క్రీ.శ. 20లో తిబేరియ పట్టణం కట్టేదాకా అతని రాజధాని అదే. సరిగ్గా అదే కాలంలో యేసు బాలుడు కొండకు ఈవల పెరుగుతున్నాడు. జోజప్పగారి వృత్తికి సువార్తలోని గ్రీకు మాటను మనం "వడ్రంగి" అంటాము. ఆ మాటలో రాతిపని, ఇంటిపని చేసేవాడు కూడా ఇముడుతాడు. తండ్రీ కొడుకులు సెఫోరిస్‌కు కూలికి వెళ్ళి ఉంటారని కొందరు పండితులు ఊహిస్తారు. నాకూ అలాగే అనిపిస్తుంది గాని సువార్త చెప్పనిదాన్ని ప్రసంగంలో చెప్పను.

సువార్త చెప్పనిది మరొకటి ఉంది. నాలుగు సువార్తలలో ఎక్కడా సెఫోరిస్ పేరు రాదు. రాజధాని పేరు లేదు, దాని చివరనున్న పల్లె పేరు ఉంది. పిలాతు సిలువమీద మూడు భాషలలో రాయించిన పలకలో ఆ పల్లె పేరు ఉంది. అంతకంటే ఆశ్చర్యం, అపోస్తలుల కార్యములు 22వ అధ్యాయం (22:8) చదవండి. దమస్కు దారిలో సౌలు "నీవెవరు" అని అడిగినప్పుడు, మహిమలో ఉన్న ప్రభువు తన పేరుతోపాటు తన ఊరి పేరు కూడా చెప్పాడు. ఉత్థానమైన తరువాత కూడా ఆయన విలాసం మారలేదన్నమాట!

ఇక మన గుణదల. నూరేళ్ళ క్రితం ఇది బెజవాడ చివర ఒక పల్లె. ఆ బెజవాడైనా ఆనకట్ట, కాలువలు, రైలు వచ్చాక పెరిగిన ఊరు. జిల్లా ముఖ్యపట్టణం అప్పుడు బందరే. ఇక్కడి సెయింట్ జోసెఫ్స్ సంస్థకు రెక్టరుగా ఉన్న ఇటలీ దేశపు పీమే గురువులు అర్లాటిగారు 1924లో ఈ కొండపై మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. మేత్రాసనం కూడా అప్పటికి ఏర్పడలేదు, అది 1937లో వచ్చింది. ఇప్పుడు ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో ఎక్కడెక్కడినుండో లక్షలమంది మెట్లెక్కుతారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. మతం అడిగేవారు లేరు.

ఎక్కేటప్పుడు మనం మాతవైపు చూస్తాము, అది సరే. దిగేటప్పుడైనా పక్కకు చూస్తున్నామా? ఈ నగరంలో కొండలెక్కి ఇళ్ళు కట్టుకున్నవారు వేలమంది. బిందెతో నీళ్ళు మోసుకుంటూ రోజూ మెట్లెక్కేది వారు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళమీద పడి ప్రాణాలు పోయాయి. ఆ మరునాడే బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ఆ వారమంతా ఆ పేటల పేర్లు పత్రికలలో కనిపించాయి. నీళ్ళు తీశాక పేర్లూ తీసేశారు.

లూర్దు సంగతి కూడా ఇలాంటిదే. 1858లో బెర్నదెత్త కుటుంబం పాత చెరసాల గదిలో కాపురం ఉంది, అంతటి పేదరికం. తండ్రి మర చేజారిపోయింది. పిండి దొంగిలించాడన్న అనుమానంతో ఆయనను ఒకసారి అరెస్టు కూడా చేశారు. దర్శనమైన గుహ ఊరి వెలుపల, పందులు తిరిగే చోటు. ఆ అమ్మాయికి అప్పటికి ఫ్రెంచి సరిగా రాదు, ఇంట్లో మాట్లాడే యాసే వచ్చు. మాత ఆ యాసలోనే మాట్లాడింది. రెండు వారాలు అక్కడికి రమ్మని ఆజ్ఞాపించకుండా, దయచేసి వస్తారా అని అడిగింది. ఆమె తనను "మీరు" అని పిలిచిందని బెర్నదెత్త తరువాత ఆశ్చర్యంగా చెప్పుకొన్నది. పద్నాలుగేళ్ళ పేదపిల్లను అంతవరకు "మీరు" అన్నవారెవరు?

తెలుగులో ఈ మాట మనకు బాగా అర్థమవుతుంది. గుడి ఊడ్చే అమ్మను, ఇటుకలు మోసే పెద్దాయనను మన ఇంట్లో పిల్లలు ఏమని పిలుస్తున్నారు? పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు. మన ఊళ్ళలో ఊరు వేరు, పేట వేరు. డెల్టాలో మన విశ్వాసం ఎక్కువగా వేళ్ళూనింది పేటలోనే. దళిత కుటుంబంలో పుట్టిన పూల అంతోని గారిని 2022లో ఫ్రాన్సిస్ పోపుగారు కార్డినలు చేసినప్పుడు మనమంతా చప్పట్లు కొట్టాము. కాని ఒకే బల్ల దగ్గర సత్ప్రసాదం తీసుకున్న రెండు కుటుంబాలు పెళ్ళి సంబంధం అనగానే కానా, నజరేతు అయిపోవడం నేను చూశాను. పేటలోనూ ఈ వీధికి ఆ వీధి తక్కువ కావడం చూశాను. నతానయేలు మనకు దూరంవాడు కాడు. అయితే ఒక్క మాట అతని పక్షాన చెప్పాలి. ఫిలిప్పు వచ్చి చూడమంటే అతడు లేచి వెళ్ళాడు.

మొన్న ఒక ఆదివారం మరో జంట బిడ్డను తెచ్చారు. మళ్ళీ అదే మాట, "విజయవాడ అని రాయండి ఫాదర్." నేను కలం మూసి, "ఇంటికి ఎన్ని మెట్లమ్మా?" అని అడిగాను. ఆమె నవ్వి, లెక్కపెట్టలేదని చెప్పింది. గురువారం సాయంత్రం జపమాలకు వెళ్ళి నేనే లెక్కపెట్టాను. నూట పన్నెండు. నా మోకాళ్ళకు అది బాగానే తెలిసింది. రిజిస్టరులో ఆ గడి ఆ రాత్రే నింపాను, కొండ పేరు, వరుస పేరు, అన్నీ.